బరువు పెంచే పౌడర్ డబ్బా కొనే ముందు ఏం చూసుకోవాలి?

నెల్లిమర్ల చుట్టుపక్కల ఊళ్ల పిల్లలకు నేను వెయిట్‌లిఫ్టింగ్ నేర్పిస్తాను. బార్‌బెల్ ఈ వైపు పిల్లలకు కొత్త కాదు. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చిన మత్స సంతోషిది ఇక్కడి కొండవెలగాడే. మా హాల్‌కి వచ్చే లిఫ్టర్లతో పాటు కబడ్డీ కుర్రాళ్లు, ఆర్మీ సెలక్షన్ కోసం తెల్లారకముందే రన్నింగ్ చేసేవాళ్లు కూడా నన్ను అడిగేది ఒకటే. "మేడమ్, ఎంత తిన్నా ఒళ్లు చెయ్యట్లేదు. ఏ పౌడర్ తాగమంటారు?"

నేను పేరు చెప్పను. ముందు వారం రోజుల తిండి రాసుకుని రమ్మంటాను. ఆ తర్వాత కూడా డబ్బా కావాల్సి వస్తే, దాన్ని ఎలా చూసి కొనాలో కూర్చోబెట్టి చెబుతాను. అదే ఇక్కడ రాస్తున్నాను. పిల్లలతో పాటు వాళ్ల అమ్మానాన్నలు కూడా చదవాలని నా కోరిక, ఎందుకంటే డబ్బులిచ్చేది వాళ్లే.

ముందు తిండి లెక్క

ఒక నోట్‌బుక్ తీసుకుని వారం పాటు తిన్నదీ తాగిందీ మొత్తం రాయండి. టీ, బిస్కెట్, బజ్జీ ఏదీ వదలొద్దు. ఎంత తిన్నా బరువు పెరగట్లేదనే కుర్రాళ్ల పుస్తకం చూస్తే చాలాసార్లు సంగతి అక్కడే తేలిపోతుంది. పొద్దున టిఫిన్ లేకుండా ప్రాక్టీస్‌కి వస్తారు, మధ్యాహ్నం కాలేజీలో సమోసాతో సరిపెట్టుకుంటారు, రాత్రి ఒక్క పూటే కడుపు నిండా తింటారు. దానికి మందు డబ్బాలో లేదు.

బరువు పెరగాలంటే ఒంటికి ఖర్చయ్యేదానికన్నా రోజుకు 300 నుంచి 500 కేలరీలు ఎక్కువ తినాలి. ఆ పెరిగేది కండ కావాలంటే బరువులతో సాధన, సరిపడా నిద్ర, కిలో శరీర బరువుకు సుమారు 1.6 గ్రాముల ప్రోటీన్ ఉండాలి. 60 కిలోల కుర్రాడికి ఇది 96 గ్రాములు. వినగానే పెద్ద అంకెలా అనిపిస్తుంది కానీ లెక్క వేసి చూడండి. నాలుగు గుడ్లలో 24 గ్రాములు, అర లీటరు పాలల్లో 16, 150 గ్రాముల చికెన్‌లోనో చేపలోనో 30 దాకా, రోజు మొత్తంలో 60 గ్రాముల కందిపప్పుతో 13, యాభై గ్రాముల వేరుశనగ గుళ్లతో 12. అన్నంలోనూ ప్రోటీన్ ఉంటుందని చాలామంది మర్చిపోతారు; 300 గ్రాముల బియ్యం వండుకుంటే 20 గ్రాములు వస్తుంది. అన్నీ కలిపితే 115. గుడ్డు, మాంసం ముట్టని ఇంట్లో 50 గ్రాముల ఎండు మీల్‌మేకర్ పాతిక గ్రాములు ఇస్తుంది. పాలు, పప్పు, వేరుశనగ, అన్నం పక్కన ఒక కప్పు పెరుగు, గుప్పెడు పుట్నాలు పడితే 96 చేరుకోవచ్చు.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో భారతీయుల కోసం ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. కండ పెంచడానికి ప్రోటీన్ సప్లిమెంట్ల జోలికి వెళ్లొద్దనే అందులోనూ చెప్పారు.

ఇక మాస్ గెయినర్, అంటే బరువు పెంచే పౌడర్ సంగతి. చాలా డబ్బాల వెనక పట్టిక చూస్తే 100 గ్రాముల పొడిలో దాదాపు 375 కేలరీలు, 75 గ్రాముల కార్బోహైడ్రేట్, 15 గ్రాముల ప్రోటీన్ కనిపిస్తాయి. ఆ కార్బోహైడ్రేట్‌లో సింహభాగం మాల్టోడెక్స్‌ట్రిన్, అంటే పిండి పదార్థాన్ని విడగొట్టి చేసిన, గ్లూకోజ్‌లా త్వరగా రక్తంలో కలిసిపోయే పొడి. 100 గ్రాముల పుట్నాలు తింటే కేలరీలు దాదాపు అంతే, ప్రోటీన్ మాత్రం 20 గ్రాములు దాటుతుంది. ప్రాక్టీస్ అయ్యాక ఒక గ్లాసు పాలు, రెండు అరటిపళ్లు, గుప్పెడు వేరుశనగ గుళ్లు తీసుకుంటే 500 కేలరీలు వచ్చేస్తాయి. నేను పిల్లలకు మొదట చెప్పేది ఇదే. పొద్దున చోడి (రాగి) అంబలిలో పాలు కలిపి తాగడం, సాయంత్రం ఒక సున్నుండ, రాత్రి పప్పన్నంలో ఇంకో గరిటె నెయ్యి. ఇంట్లో అమ్మకు చెబితే సంతోషంగా చేసిపెడుతుంది.

వేరుశనగ విషయంలో ఒక జాగ్రత్త. ముడుచుకుపోయినవి, నల్లబడ్డవి, బూజు పట్టినవి, చేదుగా తగిలేవి ఏరి పారేయండి. అలాంటి గుళ్లలో అఫ్లటాక్సిన్ అనే బూజు విషం ఉండొచ్చు, అది కాలేయాన్ని పాడుచేస్తుంది. వేయించినంత మాత్రాన పూర్తిగా పోదు.

ఇలా నెల రోజులు గట్టిగా తిన్నాక కూడా బరువు కదలకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. థైరాయిడ్, సుగర్, నులిపురుగులు, టీబీ, ఏదైనా ఉండొచ్చు. పౌడర్ తాగుతూ కూర్చుంటే అది తెలియకుండా పోతుంది.

డబ్బా నిజంగా ఎవరికి పనికొస్తుంది

రోజుకు రెండు పూటలా ప్రాక్టీస్ ఉండి, హాస్టల్లో గుడ్డు వారానికి రెండుసార్లే దొరికే పిల్లలున్నారు. పోటీలకు రైళ్లలో తిరిగేవాళ్లున్నారు. ప్రాక్టీస్ అయ్యాక ముద్ద దిగనివాళ్లున్నారు. వీళ్లకు పౌడర్ ఒక సౌకర్యం, కాదనను. అలాంటప్పుడు కూడా నా సలహా మాస్ గెయినర్ వద్దని, ఏ రుచీ కలపని మామూలు వే ప్రోటీన్ (పాల నుంచి తీసిన ప్రోటీన్ పొడి) చాలని. కేలరీలు ఇంటి తిండి నుంచి తెచ్చుకోవచ్చు. డబ్బా మీద పదార్థాల పేర్లు ఎంత తక్కువుంటే తేడా జరిగే అవకాశం అంత తక్కువ.

18 ఏళ్లు నిండని పిల్లలకు డాక్టర్ చూసి చెబితే తప్ప వద్దు. కుటుంబంలో సుగర్ ఉన్నవాళ్లు మాస్ గెయినర్‌కి దూరంగా ఉండాలి. పాలు పడనివాళ్లకు వే కాన్సెంట్రేట్ అనే రకం వే ప్రోటీన్ తాగితే కడుపుబ్బరం, విరేచనాలు వస్తాయి, అందులో లాక్టోజ్ ఉంటుంది కాబట్టి.

కిడ్నీల గురించి విడిగా చెప్పాలి. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీలకు నేను పైన రాసినంత ప్రోటీన్‌తో హాని లేదు. కానీ అవి ఆరోగ్యంగా ఉన్నాయని ఎవరికి తెలుసు? శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి, అంటే కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, పలాస వైపు నుంచి వచ్చే పిల్లలకు నేను ఈ ప్రశ్న తప్పకుండా వేస్తాను. అక్కడ సుగర్, బీపీ లేని రైతులకు, కూలీలకు కూడా కిడ్నీలు పాడవుతున్నాయి, కారణం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. పైకి ఏ లక్షణమూ కనిపించకుండానే జబ్బు ముదురుతుంది. అందుకే ఆ వైపువాళ్లయినా, ఇంట్లో కిడ్నీ జబ్బున్నవాళ్లు ఎవరైనా, డబ్బా తెరిచే ముందు సీరం క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించుకోవాలి. క్రియాటిన్ (బలం కోసం వాడే సప్లిమెంట్, పరీక్షలో చూసే క్రియాటినిన్ వేరు) వాడుతుంటే ఆ సంగతి డాక్టర్‌కి చెప్పండి. కిడ్నీలు బాగున్నా దానివల్ల క్రియాటినిన్ అంకె కొంచెం పెరిగి కనిపించవచ్చు, అనవసరంగా టెన్షన్ పడతారు.

డబ్బా తిప్పి చదవండి

ముందువైపు కండలు తిరిగిన మనిషి బొమ్మ, పెద్ద అక్షరాలు ఉంటాయి. మనకు కావాల్సింది వెనకవైపు. మొదట ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గుర్తు, దాని కింద 14 అంకెల లైసెన్స్ నంబర్. ఆ నంబర్‌ను ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వారి ఫాస్కాస్ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. ఎవరి పేరు మీద ఉందో, లైసెన్స్ నడుస్తోందో లేదో చూపిస్తుంది. డబ్బా మీద కంపెనీ పేరు ఒకటి, అక్కడ వచ్చిన పేరు ఇంకొకటి అయితే పక్కన పెట్టేయండి. విదేశీ సరుకైతే దిగుమతి చేసుకున్నవాళ్ల పేరు, చిరునామా, లైసెన్స్ నంబర్‌తో స్టిక్కర్ ఉండి తీరాలి. "దుబాయ్ నుంచి మా అన్నయ్య తెచ్చాడు" అని స్టిక్కర్ లేని డబ్బా అమ్మేవాళ్ల దగ్గర కొనకండి.

బ్యాచ్ నంబర్, తయారీ తేదీ, గడువు తేదీ డబ్బా మీద నేరుగా ముద్రించి ఉండాలి, గోటితో గీకితే ఊడిరాకూడదు. మూత తీశాక లోపలి రేకు సీల్ అంచు వెంబడి వేలితో తడమండి. ఫ్యాక్టరీలో అతికించింది మామూలుగా చుట్టూ ఒకే మందంలో, నున్నగా తగులుతుంది. మళ్లీ అతికించినదైతే ఎక్కడో ఒకచోట జిగురు ముద్దలా తగలొచ్చు, లేదంటే రేకు ముడతపడి ఉండొచ్చు. అలా ఉంటే షాపులోనే తిరిగి ఇచ్చేయండి. అందుకే నేను పిల్లలకు డబ్బా కొన్నచోటే తెరిచి చూడమంటాను, ఆన్‌లైన్లో తెప్పిస్తే తెరుస్తూ ఫోన్‌లో వీడియో తీయమంటాను. స్క్రాచ్ కోడ్ స్టిక్కర్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, దాన్ని కూడా అచ్చు గుద్దుతున్నారు.

పదార్థాల జాబితాలో ఎక్కువ బరువున్నది ముందు రాయాలని నిబంధన. కాబట్టి మొదటి పేరు మాల్టోడెక్స్‌ట్రిన్ అయితే మీరు కొంటున్నది ముఖ్యంగా అదే. "ప్రొప్రైటరీ బ్లెండ్" అని రాసి ఏది ఎంత ఉందో చెప్పని డబ్బా వద్దు. గ్లైసిన్, టారిన్ లాంటివి విడిగా కలిపారేమో కూడా చూడండి. ప్రోటీన్ పరీక్షలో మామూలుగా కొలిచేది నైట్రోజన్‌ను. చవకగా దొరికే ఈ అమైనో ఆమ్లాలు కలిపితే నైట్రోజన్ పెరిగి ప్రోటీన్ అంకె పెద్దదిగా కనిపిస్తుంది. ఒంటికి అందేది మాత్రం అంత ఉండదు.

ఇవన్నీ అనుమానంతో చెబుతున్న మాటలు కావు. 2024లో కేరళ డాక్టర్లు మన దేశంలో అమ్మే 36 ప్రోటీన్ పౌడర్లను పరీక్ష చేయిస్తే 25 డబ్బాల్లో లేబుల్ మీద రాసిన ప్రోటీన్‌కీ లోపల ఉన్నదానికీ పొంతన లేదు. అయిదింటిలో అఫ్లటాక్సిన్, మూడింటిలో పురుగుమందుల అవశేషాలు కనిపించాయి.

పేరూ ఊరూ లేని పొడి

ఇది డబ్బాల కంటే ప్రమాదకరం. "ఆయుర్వేదం, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు, నెలలో పది కిలోలు" అని ప్లాస్టిక్ కవర్లో, చిన్న సీసాలో అమ్మే పొడులు. మా దగ్గరికి వచ్చే ఒక కుర్రాడు ఇలాంటిది తెచ్చుకున్నాడు. గోధుమరంగు పొడి, మెంతుల వాసన, కవర్ మీద ఒక ఫోన్ నంబర్ తప్ప ఏమీ లేదు. కొన్ని వారాల్లో బరువు బాగా పెరిగింది, ఇంట్లోవాళ్లు సంబరపడ్డారు. నేను చూసింది వేరు. ముఖం గుండ్రంగా ఉబ్బింది, పొట్ట ముందుకొచ్చింది, చేతులూ తొడలూ ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. విపరీతమైన ఆకలి. వార్మప్ మధ్యలో బెంచీ మీద నిద్రపోయేవాడు. స్క్వాట్‌లో బరువు పెరగాల్సింది పోయి తగ్గింది.

"ఏటి మేడమ్, బరువు పెరిగితే మీరు తిడతారేటి?" అన్నాడు వాడు.

డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే చూడగానే స్టెరాయిడ్ అని అనుమానించారు. బరువు పెంచే పొడుల్లో డెక్సామెథసోన్, సైప్రోహెప్టడిన్ కలిపి అమ్మడం వైద్యులకు తెలిసిన మోసమే. మొదటిది ఒంట్లో నీరు, కొవ్వు చేర్చి ముఖాన్ని ఉబ్బిస్తుంది, కండను తినేస్తుంది, ఎముకలను బలహీనపరుస్తుంది, సుగర్ పెంచుతుంది. రెండోది అలర్జీ మాత్ర, ఆకలినీ నిద్రనూ పెంచుతుంది. ఇలాంటి లక్షణాలు మీలో కనిపిస్తే భయపడి ఒక్కసారిగా ఆపేయకండి, ఇది చాలా ముఖ్యం. బయటి నుంచి స్టెరాయిడ్ వారాల తరబడి అందితే ఒంట్లోని అడ్రినల్ గ్రంథులు తమ పని తగ్గించేస్తాయి. అది హఠాత్తుగా ఆగిపోతే బీపీ పడిపోయి ప్రాణం మీదకు రావచ్చు. మిగిలిన పొడితో సహా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి, ఎలా తగ్గించాలో వాళ్లు చెబుతారు.

పోటీల్లో పాల్గొనేవాళ్లకు ఇంకో దెబ్బ కూడా ఉంది. నోటి ద్వారా తీసుకునే డెక్సామెథసోన్ పోటీ సమయంలో నిషిద్ధం. వాడు ఆ స్థితిలో స్టేట్ మీట్‌కి వెళ్లి శాంపిల్ ఇచ్చి ఉంటే "నాకు తెలియదు" అన్న మాట అతన్ని నిర్దోషిని చేసేది కాదు.

డోప్ టెస్ట్ ఉన్న ఆటలో ఉంటే

ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా నియమావళిలో మూల సూత్రం ఒకటే. మీ శాంపిల్‌లో ఏది దొరికినా బాధ్యత మీదే. కోచ్ ఇచ్చాడు, షాపువాడు కలిపాడు అన్నవి శిక్ష తగ్గించమని అడగడానికి పనికొస్తాయేమో, తప్పు జరగలేదనిపించుకోవడానికి పనికిరావు. కావాలని అనబాలిక్ స్టెరాయిడ్ (కండ పెంచే రకం, పైన చెప్పిన డెక్సామెథసోన్ వేరు) వాడినట్టు తేలితే మామూలుగా 4 ఏళ్ల నిషేధం. కల్తీ డబ్బా వల్లే వచ్చిందని ఆటగాడు నిరూపించుకోగలిగితే మందలింపు నుంచి 2 ఏళ్ల దాకా ఉండొచ్చు. నిరూపించే భారం మాత్రం ఆటగాడిదే.

2010 ఏషియాడ్‌లో 4×400 రిలే స్వర్ణం గెలిచిన మన నలుగురు అమ్మాయిల్లో ముగ్గురు మరుసటి ఏడాది స్టెరాయిడ్ పరీక్షలో దొరికారు. చైనా నుంచి తెచ్చిన జిన్సెంగ్ మాత్రల్లో కల్తీ జరిగిందని వాళ్లు చెప్పారు. మన దేశపు డోపింగ్ నిరోధక సంస్థ నాడా కమిటీ ఏడాది నిషేధంతో సరిపెట్టింది. అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం దాన్ని రెండేళ్లు చేసింది. లండన్ ఒలింపిక్స్ అలా పోయింది.

మా సంతోషి కథ దీనికి అవతలి వైపు. గ్లాస్గోలో 53 కిలోల విభాగంలో స్వర్ణం గెలిచిన నైజీరియా అమ్మాయికి 16 ఏళ్లు. ఆమె శాంపిల్‌లో నిషేధిత డైయూరెటిక్స్ (మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందులు) బయటపడ్డాయి, పతకం పోయింది. కాంస్యం అందుకున్న సంతోషికి రజతం వచ్చింది. ఆ అమ్మాయికి ఆ మందులు ఎవరిచ్చారో నాకు తెలియదు గానీ, 16 ఏళ్ల పిల్ల పక్కన బాధ్యత తీసుకోవాల్సిన పెద్దవాళ్లు ఉంటారు కదా. కోచ్‌లకు, తల్లిదండ్రులకు నేను ఇది రాయడానికి అసలు కారణం అదే.

కల్తీ ఎంత మామూలో చెప్పే పాత లెక్క ఒకటుంది. జర్మనీలోని కొలోన్ డోపింగ్ ప్రయోగశాల 13 దేశాల్లో కొన్న 634 సప్లిమెంట్లను పరీక్షిస్తే 94 డబ్బాల్లో లేబుల్ మీద రాయని స్టెరాయిడ్లు దొరికాయి. ఆ ఫలితాలు 2004లో వచ్చాయి. కొన్నింట్లో ఉన్నది చాలా కొద్ది మోతాదే, అంతకుముందు అదే యంత్రం మీద తయారైన మరో సరుకు నుంచి అంటుకున్నది. కండ పెంచడానికి అది చాలదు, టెస్ట్‌లో దొరకడానికి చాలు. ప్రయోగశాలలు మిల్లీలీటరు మూత్రంలో నానోగ్రాముల లెక్కలో పట్టుకుంటాయి. రుచి, నురగ, నీళ్లలో కరిగే తీరు చూసి "ఇది ఒరిజినల్" అనే జిమ్ మాటలకు ఇక్కడ విలువ లేదు.

కాబట్టి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్ ఉంటే అమ్మడానికి అనుమతి ఉన్నట్టు, అంతే. డోపింగ్ పదార్థాలు లేవని దాని అర్థం కాదు. దానికోసం ఇన్ఫార్మ్‌డ్ స్పోర్ట్, ఎన్‌ఎస్‌ఎఫ్ సర్టిఫైడ్ ఫర్ స్పోర్ట్ లాంటి గుర్తులు, అంటే నిషేధిత పదార్థాల కోసం సప్లిమెంట్లను పరీక్షించే సంస్థలు ఇచ్చేవి చూడాలి. గుర్తు చూసి ఆగిపోవద్దు, వాళ్ల వెబ్‌సైట్‌లో మీ డబ్బా పేరు, బ్యాచ్ నంబర్ వెతకండి. మీ బ్యాచ్ అక్కడ లేకపోతే ఆ గుర్తును లెక్కలోకి తీసుకోకండి. ఇదంతా చేసినా ప్రమాదం తగ్గుతుందే తప్ప పూర్తిగా పోదు. "వాడా అప్రూవ్డ్" అని రాసి ఉంటే అది అబద్ధం; వాడా ఏ సప్లిమెంట్‌నూ ఆమోదించదు. మన నాడా వారి నో యువర్ మెడిసిన్ యాప్ జలుబు మాత్రలాంటి మందులు చూసుకోవడానికి బాగుంటుంది, పౌడర్ డబ్బా సంగతి అందులో తేలదు.

కొన్నాక బిల్లు దాచండి. డబ్బా నాలుగు వైపులా, బ్యాచ్ నంబర్ కనిపించేలా ఫొటోలు తీయండి. వీలైతే అదే బ్యాచ్‌లో తెరవని చిన్న ప్యాకెట్ ఒకటి పక్కన పెట్టండి. రేపు తేడా వస్తే పరీక్షకు పంపడానికి మీ చేతిలో ఉండే సాక్ష్యం అదే. శాంపిల్ ఇచ్చేటప్పుడు ఫారంలో గత ఏడు రోజుల్లో వాడిన మందులు, సప్లిమెంట్లు రాయమంటారు. సిగ్గుపడకుండా, దాచకుండా పేరు, బ్యాచ్‌తో సహా రాయండి.

వాడటం మొదలుపెట్టాక

పోటీకి రెండు నెలల ముందు నుంచి కొత్త డబ్బా ఏదీ తెరవకండి. మొదటి వారం సగం స్కూప్‌తో మొదలుపెట్టండి. భోజనం మానేసి పౌడర్ తాగొద్దు, భోజనాల మధ్యలో తాగాలి. ఒక డబ్బా వాడుతూ దాంతో పాటు ప్రీ వర్కౌట్ అనీ, టెస్టోస్టెరాన్ బూస్టర్ అనీ ఇంకోటి కలపకండి. కల్తీ ఎక్కువగా దొరికే రకాల్లో అవీ ఉన్నాయి.

పొద్దున బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, అదే కాటా మీద వారానికి రెండుసార్లు బరువు చూసుకోండి. 60 కిలోలవాళ్లు వారానికి పావు కిలో పెరిగితే మంచి వేగమే. బార్ మీద బరువు కూడా దాంతో పాటు పెరుగుతోందా అన్నది చూడండి. వారంలో రెండు కిలోలు పెరిగినా, ముఖం ఉబ్బినా, కాళ్లకు నీరు పట్టినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, కళ్లు పచ్చబడినా, గుండె దడదడలాడినా అక్కడితో డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, డబ్బా వెంట పట్టుకెళ్లి.

మన తీరం వైపు వానాకాలంలో గాలిలో తేమ ఎక్కువ. స్కూప్ తడిగా ఉంటే పొడి గడ్డకడుతుంది, బూజు పడుతుంది. గడ్డకట్టి వాసన మారిన పొడిని జల్లెడ పట్టి వాడుకోవద్దు. కలిపింది వెంటనే తాగేయండి, షేకర్ అప్పుడే కడిగేయండి.

డబ్బా నకిలీదని అనుమానం వస్తే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వారి ఫుడ్ సేఫ్టీ కనెక్ట్‌లో బిల్లు, ఫొటోలతో ఫిర్యాదు చేయొచ్చు, జిల్లా ఫుడ్ సేఫ్టీ అధికారికి రాసి ఇవ్వొచ్చు. ఖాళీ అయిన డబ్బాను అలాగే పాతసామాన్లవాడికి వేయకండి. లేబుల్ చింపి, అడుగున కత్తితో గాటు పెట్టి పారేయండి, అందులో ఇంకెవరూ నకిలీ పొడి నింపి అమ్మడానికి వీల్లేకుండా.